జాలి మార్కులు వద్దు: స్పైస్ గర్ల్స్ ‘ఫరెవర్’ పాటలకు ఫ్యాన్స్ ఓటింగ్ నడిపే పద్ధతి

బ్రిటన్ అమ్మాయిల పాప్ గ్రూప్ స్పైస్ గర్ల్స్ మూడో ఆల్బమ్, ఆఖరి స్టూడియో ఆల్బమ్ ‘ఫరెవర్’. దీని గురించి ఇద్దరు ఫ్యాన్స్ మాట్లాడుకోవడం మొదలుపెడితే ఐదు నిమిషాల్లో మాట పాటల మీంచి ప్రమోషన్ మీదకి జారిపోతుంది. ఒక్క సింగిల్‌తో (ఆల్బమ్‌లోంచి విడిగా విడుదల చేసే రికార్డు) సరిపెట్టారు, టూర్ లేదు, ఎవరికి వాళ్లు సోలో పనుల్లో పడ్డారు అంటారు. నిజమే, ఇవన్నీ జరిగాయి. కానీ ఆ ఉక్రోషంతోనే ఓట్లు అడిగితే చేతికొచ్చేది జాలి మార్కుల జాబితా. అందులో పాటల ర్యాంకింగ్ ఉండదు. అన్యాయం జరిగిందనుకున్న పాట పైకెక్కుతుంది, సింగిల్‌గా వచ్చిన పాట ‘అందరూ విన్నదే కదా’ అని కిందికి పోతుంది.

ఆల్బమ్‌కి ఏం జరిగిందన్నది ఒక ప్రశ్న, ఆల్బమ్ ఎలా ఉందన్నది వేరే ప్రశ్న. రెంటినీ కలపకుండా ఓటింగ్ నడపడం ఎలాగో, ఎక్కడ బెడిసికొడుతుందో చూద్దాం. పదకొండు పాటలు, ముప్పై నలభై మంది ఓటర్లు, ఒక స్ప్రెడ్‌షీట్, మూడు వారాల ఓపిక చాలు.

ముందు నిజాల కాగితం

ఓటు ఫారం తయారుచేసే ముందే ఒక పేజీలో తేదీలు, అంకెలు రాసిపెట్టుకోండి. ఓటర్లకి దీన్ని ముందుగా చూపించకూడదు. ఫలితాలతో పాటు వేయడానికి, మధ్యలో ఎవరైనా తప్పు లెక్క చెబితే సరిదిద్దడానికి ఇది మీ దగ్గరుండాలి.

బ్రిటన్‌లో ‘ఫరెవర్’ 2000 నవంబర్ 6న వచ్చింది. దానికి రెండు వారాల ముందు, అక్టోబర్ 23న, ‘హాలర్’, ‘లెట్ లవ్ లీడ్ ద వే’ రెండూ కలిపి డబుల్ ఏ-సైడ్ సింగిల్‌గా, అంటే రెండు పాటలకీ సమాన ప్రాధాన్యం ఇచ్చి, విడుదలయ్యాయి. ఆ సింగిల్ నేరుగా చార్ట్‌లో నంబర్ 1కి వెళ్లింది. బ్రిటన్‌లో గ్రూప్‌కి అది తొమ్మిదో నంబర్ 1. అప్పటికి అక్కడ వచ్చిన పది సింగిల్స్‌లో నంబర్ 1 కానిది 1998 నాటి ‘స్టాప్’ ఒక్కటే, అది రెండో స్థానం దగ్గర ఆగింది. ఆల్బమ్ మాత్రం నంబర్ 2తో సరిపెట్టుకుంది. సరిగ్గా ఆ వారమే ఐర్లండ్ బాయ్ బ్యాండ్ వెస్ట్‌లైఫ్ ఆల్బమ్ ‘కోస్ట్ టు కోస్ట్’ వచ్చి పై చోటు పట్టుకుపోయింది. అమెరికా ఆల్బమ్ చార్ట్ బిల్‌బోర్డ్ 200 మీద 39 దాటి పైకి పోలేదు.

పక్కనే పాత లెక్క కూడా రాయండి. ‘స్పైస్’ (1996) నుంచి బ్రిటన్‌లో నాలుగు సింగిల్స్, ‘స్పైస్‌వరల్డ్’ (1997) నుంచి నాలుగు. ‘ఫరెవర్’ నుంచి ఆల్బమ్ వచ్చాక ఒక్కటీ లేదు. ఆ రెండు ఆల్బమ్స్ అక్కడ నంబర్ 1 అయ్యాయి.

ఆ ఏడాది గ్రూప్ సభ్యురాళ్ల సోలో పనుల క్యాలెండర్ ఇంకో వరుసలో ఉండాలి, ఎందుకంటే ప్రమోషన్ సంగతి సగం అక్కడే తేలిపోతుంది. 2000 ఆగస్టులో మెలనీ సి సోలో సింగిల్ ‘ఐ టర్న్ టు యూ’ నంబర్ 1 అయింది. అదే నెలలో విక్టోరియా బెకమ్ గొంతుతో ట్రూ స్టెపర్స్ ‘అవుట్ ఆఫ్ యువర్ మైండ్’ నంబర్ 2 దాకా వెళ్లింది. అక్టోబర్‌లో మెలనీ బి సోలో ఆల్బమ్ ‘హాట్’ దుకాణాల్లోకి వచ్చింది. అది వచ్చి నెల తిరక్కముందే ‘ఫరెవర్’. ఒకే అభిమానులని, అవే పత్రికలని, అవే టీవీ షోలని అందరూ పంచుకోవాల్సి వచ్చింది. ఎమ్మా బంటన్ సోలో ఆల్బమ్ తర్వాతి ఏడాది ఏప్రిల్‌లో వచ్చింది. గ్రూప్ విడిపోయామని చెప్పలేదు, విరామం అంది.

ఈ కాగితం లేకపోతే కామెంట్లలో మూడు తప్పులు తిరుగుతూనే ఉంటాయి. మొదటిది, ‘ఆల్బమ్ చార్ట్‌లో కనపడలేదు’ అనడం. సొంత దేశంలో నంబర్ 2 అయింది మరి. ముందు రెండింటి పక్కన పెడితే చిన్నదే, అది వేరే మాట. రెండోది, ‘సింగిల్ ఫ్లాప్’ అనడం. మూడోది, ‘గుడ్‌బై’ ఈ ఆల్బమ్ కోసం చేసిన పాట అనుకోవడం. దీని సంగతి కొంచెం విడిగా చెప్పాలి.

బరిలో ఏ పాటలు

వరుస ఇది: హాలర్, టెల్ మీ వై, లెట్ లవ్ లీడ్ ద వే, రైట్ బ్యాక్ ఎట్ యా, గెట్ డౌన్ విత్ మీ, వేస్టింగ్ మై టైమ్, వీకెండ్ లవ్, టైమ్ గోస్ బై, ఇఫ్ యూ వానా హ్యావ్ సమ్ ఫన్, ఆక్సిజన్, గుడ్‌బై.

పదకొండోది చిక్కు తెచ్చే పాట. ‘గుడ్‌బై’ 1998 డిసెంబర్‌లో సింగిల్‌గా వచ్చి ఆ ఏడాది బ్రిటన్‌లో క్రిస్మస్ వారపు నంబర్ 1 అయింది. అదే ఏడాది మే చివర్లో జెరీ హాలివెల్ గ్రూప్ వదిలి వెళ్లింది కాబట్టి చాలామంది ఫ్యాన్స్‌కి ఆ పాట వీడ్కోలుగానే గుర్తు. దాన్ని రిచర్డ్ స్టానర్డ్, మాట్ రో జంటతో చేశారు. తొలి రోజుల నుంచీ గ్రూప్‌తో ఉన్నది వాళ్లే. ఆల్బమ్‌లో మిగతావాటిలో ఎక్కువ పాటలు అమెరికా ప్రొడ్యూసర్ రాడ్నీ జెర్కిన్స్ బృందానివి. ‘ఇఫ్ యూ వానా హ్యావ్ సమ్ ఫన్’, ‘ఆక్సిజన్’ జిమ్మీ జామ్, టెర్రీ లూయిస్ చేసినవి. అంటే ‘గుడ్‌బై’ రెండేళ్ల ముందరి పాట, వేరే చేతుల పాట, అప్పటికే లక్షలాది ఇళ్లలో మోగిన పాట. దాన్ని మిగతా పదితో ఒకే తూకంలో వేస్తే చాలాసార్లు గెలుస్తుంది. గెలిస్తే ‘చూశారా, ఆల్బమ్‌లో మంచిది పాతదే’ అన్న తప్పుడు మాటకి దారి తీస్తుంది.

అలాగని తీసేయడమూ తప్పే, ఆల్బమ్‌లో అది ఉంది కదా. ఓటు పదకొండుకీ తీసుకుని, ఫలితాలు రెండు పట్టికలుగా వేయండి: ఒకటి పదకొండుతో, రెండోది ‘గుడ్‌బై’ లేకుండా పదితో. రెండో పట్టిక ఎలా చేయాలో లెక్కల దగ్గర చెబుతాం. అక్కడ చాలామంది బోల్తా పడతారు.

ఇంకో తగువు ‘రైట్ బ్యాక్ ఎట్ యా’ గురించి. 1999 డిసెంబర్‌లో మాంచెస్టర్, లండన్ కచేరీల్లో ఈ పాటని ఆల్బమ్ కంటే ముందే పాడారు. అప్పటి రూపం వేరు. పాత పాప్ ధోరణికి దగ్గరగా ఉండే ఆ రూపాన్ని ఇష్టపడేవాళ్లు ఆల్బమ్ రూపానికి కావాలని కింది స్థానం ఇస్తారు. అందుకే ఫారంలో ఆ పాట పేరు పక్కన ‘ఆల్బమ్‌లో ఉన్న రూపానికే ఓటు’ అని రాయండి. రీమిక్స్‌లు, ఆల్బమ్‌లోకి ఎక్కని పాటలు, కచేరీ రికార్డింగులు అన్నీ బరి బయటే.

వినడం, అది కూడా మూడుసార్లు

ఓటర్లలో సగం మంది జ్ఞాపకం మీదే ఓటేస్తారు. ఈ ఆల్బమ్ విషయంలో జ్ఞాపకం అంటే సింగిల్‌గా వచ్చిన రెండు పాటలు, ‘గుడ్‌బై’. మిగతా ఎనిమిదీ కలగాపులగంగా గుర్తుంటాయి. కాబట్టి ఓటుకి ముందు వినడం తప్పనిసరి చేయండి. మొత్తం గంటలోపే అయిపోతుంది.

మొదటిసారి ఆల్బమ్ వరుసలోనే. రెండోసారి వెనకనుంచి ముందుకి, పదకొండు నుంచి ఒకటి దాకా. మూడోసారి కలగలిపి. రోజుకి ఒకసారి, మూడు రోజులు. ఇంత పట్టుదల ఎందుకంటే, ఈ ఆల్బమ్‌లో ఊపున్నవి ఎక్కువగా ముందు ఉన్నాయి, నెమ్మదిగా సాగేవి ఎక్కువగా చివర చేరాయి. వరుసగా మాత్రమే వింటే ‘టైమ్ గోస్ బై’ దగ్గరికి వచ్చేసరికి చెవి అలిసిపోయి ఉంటుంది. ఆ తర్వాతి ‘ఇఫ్ యూ వానా హ్యావ్ సమ్ ఫన్’ ఐదు నిమిషాలు దాటుతుంది, దానికి పడే మార్కుల్లో అలసట కూడా కలిసిపోతుంది. వెనకనుంచి విన్నప్పుడు అదే పాట మూడోదిగా వస్తుంది. చాలామంది నోట్సులో అభిప్రాయం మారేది ఇక్కడే.

ఫోన్ స్పీకర్‌లో వినొద్దని గట్టిగా చెప్పండి. జెర్కిన్స్ పాటలకి ప్రాణం డ్రమ్స్‌లో, కింది బేస్‌లో ఉంటుంది. చిన్న స్పీకర్‌లో అది సగం పోయి కోరస్ మాత్రమే మిగులుతుంది. అప్పుడు పదీ ఒకలాగే ఉన్నాయన్న ఫిర్యాదు వస్తుంది. మామూలు ఇయర్‌ఫోన్స్ చాలు, ఖరీదైనవి అక్కర్లేదు. ఈక్వలైజర్, బేస్ బూస్ట్, క్రాస్‌ఫేడ్ (ఒక పాట చివర మీద తర్వాతి పాట మొదలు కలిపే సెట్టింగ్) ఆపేయాలి. వాల్యూమ్‌ని సమం చేసే సెట్టింగ్ ఉంటే ఆన్ చేయాలి. వేర్వేరు చోట్ల, వేర్వేరు ఏళ్లలో తయారైన పాటల మధ్య ఒక డెసిబెల్ తేడా ఉన్నా చెవికి అది ‘గట్టిగా ఉంది’ అని తెలియదు, ‘బాగుంది’ అనిపిస్తుంది.

ప్రతి పాట అయిన వెంటనే ఒకటి రెండు వాక్యాలు రాసుకోమనండి, తర్వాతి పాట మొదలవ్వక ముందే. ఏం రాయాలో తెలియక ఆగిపోయేవాళ్లకి మూడు ప్రశ్నలు ఇవ్వండి. పాట అయ్యాక ఒక నిమిషానికి ఏ ముక్క నోట్లో ఆడుతోంది? ఎవరి గొంతు ఎక్కడ గుర్తుపట్టారు? ఎక్కడ పాటని ముందుకి జరపాలనిపించింది?

రెండో ప్రశ్న ఈ ఆల్బమ్‌కి ప్రత్యేకంగా పనికొస్తుంది. ‘స్పైస్’లో ఐదుగురి గొంతులు ఐదు పాత్రల్లా వినిపిస్తాయి, ఒకరు వదిలిన మాట ఇంకొకరు అందుకుంటారు. ‘ఫరెవర్’లో అదే కాలంలో అమెరికా ఆర్ అండ్ బీ (రిథమ్ అండ్ బ్లూస్) సంగీతంలో నడిచిన పద్ధతి కనపడుతుంది. జెర్కిన్స్ 1998లో బ్రాండీ, మోనికా కలిసి పాడిన ‘ద బాయ్ ఈజ్ మైన్’, 1999లో డెస్టినీస్ చైల్డ్ ‘సే మై నేమ్’ చేసి ఉన్నాడు. ఆగి ఆగి పడే డ్రమ్స్, పొరలు పొరలుగా పేర్చిన కోరస్ ఆయన పని. ఆ పొరల్లో నలుగురి గొంతులూ కలిసిపోతాయి. ఇది మెరుగు అనేవాళ్లున్నారు, ఉన్న గుర్తింపు పోయింది అనేవాళ్లూ ఉన్నారు. ఈ ఆల్బమ్ మీద నడవాల్సిన అసలు వాదన ఇదేనని మా అభిప్రాయం. ప్రమోషన్ గొడవ దీన్ని మింగేసింది.

ఓటు ఫారం

స్టార్లు, పదికి మార్కులు వద్దు. కొందరు ఫ్యాన్స్ అన్నిటికీ తొమ్మిది, పది వేస్తారు. కొందరు ఏడు దాటరు. పదకొండు పాటల్ని 1 నుంచి 11 దాకా వరుసలో పెట్టమనండి. పోల్చక తప్పని పరిస్థితి వస్తేనే అసలు ఇష్టం బయటపడుతుంది.

రౌండ్‌కి ఒక పాటని బయటికి పంపే ఎలిమినేషన్ ఆట సరదాగా ఉంటుంది, పది రౌండ్లు జనం హుషారుగా వస్తారు కూడా. ర్యాంకింగ్‌కి మాత్రం అది పనికిరాదు. పది మంది నెత్తిన పెట్టుకుని పది మంది అసహ్యించుకునే పాట రెండో రౌండ్‌కే పోతుంది, ఎవరికీ పెద్దగా పట్టని పాట సెమీఫైనల్‌కి వెళ్తుంది. పైగా తమ పాటని కాపాడుకోవడానికి పోటీ పాట మీద గుంపుగా ఓట్లు పడతాయి.

పదకొండింటిని ఒకేసారి వేలితో పైకీ కిందికీ లాగమంటే ఫోన్‌లో విసుగొస్తుంది. ముందు పై మూడు, తర్వాత కింది మూడు, ఆఖర్న మధ్యలో ఐదు అని అడగండి. మధ్యలో ఉన్నవాటికి ఎవరికీ అంత పట్టింపు ఉండదు కాబట్టి అలసట అక్కడ పడితే నష్టం తక్కువ.

ఫారంలో పాటల పేర్లు ఆల్బమ్ వరుసలో కనపడకూడదు. కలగలిపి చూపించే సదుపాయం ఉంటే వాడండి. లేకపోతే రెండు ఫారాలు చేసి సగం మందికి ఒక వరుస, సగం మందికి తిరగేసిన వరుస పంపండి. ఇది చేయకపోతే ‘హాలర్’కి ఊరికే ఒక మెట్టు కలిసొస్తుంది.

ర్యాంకింగ్ పూర్తయ్యాక, తర్వాతి పేజీలో మాత్రమే, మిగతా ప్రశ్నలు పెట్టండి:

- ఈ ఆల్బమ్ మొదటిసారి ఎప్పుడు పూర్తిగా విన్నారు: 2000–2001లోనా, 2007 రీయూనియన్ నాటికా, ఆ తర్వాతా, ఈ ఓటు కోసమేనా?
- ఇష్టమైన సభ్యురాలు ఎవరు?
- ఇంకో సింగిల్ రావాల్సి ఉంటే ఏ పాట?
- ఒక పాట గురించి రెండు వాక్యాలు, అందులో ఒక చోటు నిమిషం, సెకన్లతో సహా.

ఇష్టమైన సభ్యురాలి ప్రశ్న ముందు పెడితే మనిషి ఆమె గొంతు వెతుక్కుంటూ ర్యాంక్ చేస్తాడు. సింగిల్ ప్రశ్న ముందు పెడితే మంచి పాటకీ మంచి సింగిల్‌కీ తేడా చెరిగిపోతుంది. మూడో ప్రశ్నలో ‘అన్యాయంగా వదిలేసిన’, ‘రావాల్సిన హిట్’ లాంటి మాటలు ఎక్కడా రానివ్వకండి. ప్రశ్న జాలిపడితే జవాబూ జాలే పడుతుంది.

చివరి ప్రశ్నలో సమయం ఎందుకు అడుగుతున్నామో రెండు జవాబులు పక్కపక్కన పెడితే తెలుస్తుంది. మొదటిది: ‘అండర్‌రేటెడ్ ఆణిముత్యం, టైమ్ కంటే ముందొచ్చింది.’ ఇది ఏ గ్రూప్ చివరి ఆల్బమ్ మీదైనా అతికించొచ్చు. రెండోది: ‘హాలర్‌లో డ్రమ్స్ ముక్కలుగా ఆగుతూ పడుతుంటే కోరస్‌లో నలుగురూ ఒకే గొంతయిపోయారు. రెండో కోరస్ దాకా ఎవరెవరో పట్టుకోలేకపోయాను, అయినా పాట వదల్లేదు.’ ఇది నచ్చినా నచ్చకపోయినా చదివినవాడు వెళ్లి అక్కడే విని చూస్తాడు. సమయం రాయమంటే మనిషి పాటని మళ్లీ వినక తప్పదు, అదీ ఉపాయం.

‘టెల్ మీ వై’ దగ్గర ఇంకో చిక్కు. ఆ పాట జెరీని ఉద్దేశించినదేనని ఫ్యాన్స్‌లో పాత ఊహ ఒకటుంది. కామెంట్లన్నీ ఆ గాసిప్ చుట్టూనే తిరుగుతాయి. పాట ఎవరి గురించి అన్నది ర్యాంక్‌కి కారణంగా రాస్తే, ‘వినపడే విషయం ఒకటి రాయండి’ అని మర్యాదగా తిప్పి పంపండి. ‘ఫరెవర్ అని పేరు పెట్టి విడిపోయారు’ అన్న జోక్‌కి కూడా ఇదే వైద్యం. పాతికేళ్లుగా వింటున్నాం దాన్ని.

గడువు పద్నాలుగు రోజులు ఇవ్వండి, పదో రోజున ఒక్కసారి గుర్తుచేయండి. మధ్యలో లెక్క ఎంతవరకూ వచ్చిందో ఎవరికీ చూపించొద్దు, చివరి ఓట్లు వెనకబడ్డ పాటని లేపడానికి పడతాయి.

లెక్క

స్ప్రెడ్‌షీట్‌లో ఒక్కో ఓటరుకి ఒక అడ్డ వరుస, ఒక్కో పాటకి ఒక నిలువు వరుస. పాయింట్లు = 12 − స్థానం. మొదటి స్థానానికి 11, చివరిదానికి 1. ఒక ఓటులో మొత్తం 66 పాయింట్లు రావాలి. ముప్పై ఓట్లయితే 1980. మొత్తం సరిపోకపోతే ఎక్కడో ఓటు తప్పుగా ఎక్కింది.

అయితే 66 వచ్చినంత మాత్రాన ఓటు సరైనదని కాదు. 1, 3 స్థానాలు ఇవ్వాల్సిన చోట ఎవరైనా రెండు పాటలకీ 2 అని రాస్తే మొత్తం మారదు. అందుకని ప్రతి వరుసలో వేర్వేరు అంకెలు పదకొండు ఉన్నాయా అని రెండో తనిఖీ పెట్టండి. ఆల్బమ్ వరుసలోనే 1 నుంచి 11 ఇచ్చినవాళ్ల ఓటు అనుమానించాల్సిందే. అడగండి, జవాబు రాకపోతే తీసేయండి.

కొందరు పై ఐదు మాత్రమే ఇచ్చి వదిలేస్తారు. ఆ ఓటు పారేయక్కర్లేదు. పై ఐదుకి 11, 10, 9, 8, 7 పోగా మిగిలిన 21 పాయింట్లని ఆరు పాటలకీ సమానంగా, తలా 3.5 చొప్పున పంచండి. సున్నా వేస్తే ఆ ఓటరు మిగతావాటిని ద్వేషించినట్టవుతుంది, అతను ఆ మాట అనలేదు. ఐదు కంటే తక్కువ ఇస్తే మాత్రం లెక్కలోకి వద్దు.

ఇక ‘గుడ్‌బై’ లేని పట్టిక. ఆ పాట నిలువు వరుస చెరిపేసి మిగతా మొత్తాలు అలాగే ఉంచడం అందరూ చేసే పొరపాటు. ‘గుడ్‌బై’కి మొదటి స్థానం ఇచ్చినవాడి ఓటులో మిగతా పదికీ కలిపి 55 పాయింట్లే మిగులుతాయి. దాన్ని అట్టడుగున పెట్టినవాడి ఓటులో 65 మిగులుతాయి. అంటే ఆ పాట నచ్చనివాళ్ల ఓటుకి బలం ఎక్కువైపోతుంది. సరైన పని ఏమిటంటే, ప్రతి ఓటులో ‘గుడ్‌బై’ కింద ఉన్న పాటలన్నిటినీ ఒక మెట్టు పైకి జరిపి, 11 − స్థానం లెక్కన మళ్లీ పాయింట్లు వేయడం. అప్పుడు ప్రతి ఓటూ సరిగ్గా 55 అవుతుంది.

సగటు స్థానం ఒక్కటే వేసి ఊరుకోకండి. ఊహకి ఎనిమిది ఓట్లు తీసుకుందాం. ఒక పాటకి వచ్చిన స్థానాలు 1, 1, 2, 2, 10, 10, 11, 11. ఇంకో పాటకి 5, 5, 6, 6, 6, 6, 7, 7. రెంటి సగటూ 6. మొదటిది ఇంట్లో గొడవ పెట్టే పాట, రెండోది ఎవరికీ అభ్యంతరం లేని పాట. ఇది చూపించడానికి పెద్ద గణితం అక్కర్లేదు. ప్రతి పాట పక్కన రెండు అంకెలు వేయండి: పై మూడులో ఎన్ని ఓట్లు, కింది మూడులో ఎన్ని ఓట్లు. మొదటి పాటకి 4, 4. రెండోదానికి 0, 0. చదివేవాళ్లు ముందు చూసేది ఈ రెండు గడులనే.

తేడా ఎంతుంటే నమ్మాలి? ఒకే ఒక్క ఓటరు మనసు మార్చుకుని ఒక పాటని 11 నుంచి 1కి తెచ్చాడనుకోండి. ముప్పై ఓట్లలో ఆ పాట సగటు 10/30, అంటే 0.33 మారుతుంది. పన్నెండు ఓట్లే ఉంటే 0.83 మారుతుంది. రెండు పాటల సగటుల మధ్య తేడా ఈ అంకె కంటే తక్కువైతే వాటిని సమానంగానే ప్రకటించండి, ‘4–5 స్థానాలు’ అని కలిపి రాయండి. తప్పనిసరిగా ఒకటి పైన ఉండాలనుకుంటే ఆ రెంటినే తీసుకుని, ఎన్ని ఓట్లలో ఏది పైన ఉందో లెక్కపెట్టండి. ఇరవై ఓట్ల లోపు వస్తే పట్టిక వేయకుండా పై మూడు, కింది మూడు చెప్పి ఆపేయడం మేలు.

ప్రమోషన్ మాట ఎక్కడ పెట్టాలి

పట్టిక తర్వాత, విడిగా. అక్కడ పెడితే దానికి బలం కూడా వస్తుంది, ఎందుకంటే ఇప్పుడు మీ దగ్గర పోల్చడానికి రెండు విషయాలున్నాయి: పాట స్థానం, సింగిల్‌గా రావాల్సిందన్న ఓట్లు. ఏ పాట స్థానం కంటే సింగిల్ ఓట్లలో బాగా ముందుంటే అది ఊపున్న, రేడియోకి పనికొచ్చే పాటని అర్థం. స్థానం పైన ఉండి సింగిల్ ఓట్లు రాకపోతే ఆల్బమ్‌లో కూర్చుని వినాల్సిన పాట.

‘ప్రమోషన్ లేదు’ అన్న మాటని కూడా విడగొట్టాలి. ‘ఫరెవర్’ విడుదలకి ముందు, విడుదలైన కొత్తల్లో ప్రమోషన్ ఉంది: నంబర్ 1 సింగిల్, రెండు వైపులా రెండు వీడియోలు, ఆ ఏడాది మార్చిలో బ్రిట్ అవార్డ్స్ వేదిక మీద ‘హాలర్’, నవంబర్‌లో స్టాక్‌హోమ్ ఎంటీవీ యూరప్ అవార్డుల్లో మళ్లీ అదే పాట. లేనిది ఆ తర్వాతి ప్రమోషన్. ఆల్బమ్ దుకాణాల్లోకి వచ్చాక దాన్ని నిలబెట్టే రెండో సింగిల్ రాలేదు, టూర్ రాలేదు. మొదటి వారం చూసినవాళ్లకి ‘బాగానే మోగించారు కదా’ అనిపిస్తుంది, జనవరిలో చూసినవాళ్లకి ‘ఏమైపోయింది’ అనిపిస్తుంది. ఇద్దరూ చెప్పేది నిజమే.

ఇదే పద్ధతి వేరే గ్రూపులకి వాడేటప్పుడు ముందు ఈ తనిఖీ చేయండి. బ్రిటన్‌కే చెందిన ఇంకో అమ్మాయిల గ్రూప్ గర్ల్స్ అలౌడ్ 2008లో తెచ్చిన చివరి స్టూడియో ఆల్బమ్ ‘అవుట్ ఆఫ్ కంట్రోల్’ నుంచి మూడు సింగిల్స్ వచ్చాయి, ‘ద ప్రామిస్’ నంబర్ 1 అయింది. దానికి ‘ప్రమోషన్ లేని చివరి ఆల్బమ్’ చీటీ అంటించి ఓటు అడిగితే మొదటి అడుగే తప్పు. పాటల సంఖ్య మారితే లెక్క కూడా మారుతుంది. పన్నెండు పాటలైతే 13 − స్థానం, ఓటుకి 78 పాయింట్లు.

ఫలితాలు వేసేటప్పుడు

మొదట పదకొండు పాటల పట్టిక, పక్కనే పై మూడు, కింది మూడు గడులు. తర్వాత పది పాటల పట్టిక. ఆ తర్వాత ఎప్పుడు విన్నారన్న ప్రశ్న ప్రకారం విడగొట్టిన పట్టికలు, అయితే ఒక్కో గుంపులో కనీసం ఐదుగురైనా ఉంటేనే. 2000లో సీడీ కొన్నవాళ్లకి ముందు రెండు ఆల్బమ్‌ల గొంతు చెవిలో ఉంటుంది. తర్వాత వచ్చినవాళ్లు దీన్ని ఆ కాలపు ఆర్ అండ్ బీ పాటల మధ్య వింటారు. రెండు గుంపుల పట్టికలు తేడాగా వస్తే దాచకుండా పైకే వేయండి. కలిపిన సగటు కంటే చెప్పుకోదగ్గ సంగతి అక్కడుంటుంది.

వ్యాఖ్యల్లో పాటకి రెండు చాలు: పైన పెట్టినవాళ్లది ఒకటి, కింద పెట్టినవాళ్లది ఒకటి. చివరి స్థానం వచ్చిన పాటకి కూడా దాన్ని ఇష్టపడ్డ ఒకరి మాట తప్పకుండా ఉండాలి. రాసినవాళ్ల అనుమతి అడగండి, పేర్లు, ఈమెయిల్స్ బయటపెట్టకండి.

ఓట్ల షీట్‌ని పేర్లు తీసేసి, స్థానాలు మాత్రం ఉంచి ఫలితాలతో పాటే పెట్టండి. ఎవరో ఒకరు మళ్లీ లెక్కవేస్తారు, తప్పు పట్టుకుంటారు. అప్పుడు పట్టిక సరిచేసి, ఏ గడి ఎందుకు మారిందో కింద ఒక్క వరుసలో తేదీతో రాయండి.